పద్నాలుగు రౌండ్లు

5 జూన్ 2023

మా ఇంట్లోంచి కొర్రమేను పారిపోయింది. మా ఆవిడ సువార్త కింద పడింది. ఈ రెండూ ఏ వరసలో జరిగాయో ఇంకా తేలలేదు. చేప జారితే పట్టుకోబోయి తాను జారానని ఆవిడ అంటోంది. ఆవిడ జారితే సందు చూసుకుని చేప పోయిందని నేనంటున్నాను. ముప్ఫై మూడేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, కొన్ని వేల మంది పిల్లలు పడటం చూసినవాణ్ణి. ఎవరు ముందు పడ్డారో నాకు తెలియదా.

కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. బతికున్న చేపని బూడిదలో దొర్లించి, దానితో కబుర్లు చెబుతూ రాయి మీద తోముతుంది. ముందు తల మీద ఒక్కటివ్వమంటే వినదు. అది పెరటి తూములోంచి పంట కాలవలోకి పోయింది. నేను ఊరగాయతో తిన్నాను.

కుడి తుంటి పట్టుకుని చాలాసేపు నేల మీదే కూర్చుంది. "ఏవండీ, లోపల ఏదో టక్కుమందండీ" అంది. అరవై రెండేళ్ళ మనిషి పడితే ఏదో ఒకటి టక్కుమంటుంది. నొప్పుల నూనె రాశాను.

6 జూన్

కాలు మోపలేకపోతోంది. తాడేపల్లిగూడెం తీసుకెళ్ళాను. ఉంగుటూరు దాటాక ఆటో గుంతలో పడ్డప్పుడల్లా "ప్రభువా" అంది.

డాక్టరు వీరేంద్ర గారు పేరున్న ఎముకల డాక్టరు. ఆయనకి చేపల చెరువులు కూడా ఉన్నాయి. ఎక్స్‌రే ఫిలిం ఒక చేత్తో కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవిన పెట్టుకుని, "ఆక్సిజన్ పడిపోతే ఏరేటర్లు వెయ్యాలి గాని నన్నడుగుతావేంటయ్యా" అని ఎవరికో చెబుతూనే ఫిలిం చూశారు. చెరువులో చేపలు చచ్చిపోతున్న సమయంలో కూడా మన ఫిలిం చూశారు. గొప్ప మనిషి.

"ఏం లేదమ్మా, నరం పట్టింది. మూడు రోజులుండి వెళ్ళండి. ఆ తర్వాత నడవాలి. ఎంత నడిస్తే అంత మంచిది" అన్నారు.

"నరం కాదేమోనండీ, కాలు మోపితే లోపల రాసుకుంటోందండీ" అని సువార్త మొదలుపెట్టింది. నేను కళ్ళతోనే ఆపాను. డాక్టరు గారికి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

9 జూన్

డిశ్చార్జి. నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. గుండె సాధారణం, ఊపిరితిత్తులు సాధారణం, ప్రొస్టేటు సాధారణం. అంటే ఏదీ వదలకుండా చూశారన్నమాట. అమ్మాయికి ఫోను చేసి చదివి వినిపించాను. "అమ్మకి ప్రొస్టేటేంటి నాన్నా, అది మగవాళ్ళకుండేది" అంది నిస్సీ. అది ఏలూరు కాలేజీలో లైబ్రేరియను. వైద్యం సంగతి దానికేం తెలుసు.

10 జూన్

పని మొదలు. టేపుతో కొలిచాను. మా ఇంటి చుట్టూ ఒక రౌండు నలభై మీటర్లు. రిటైరైనప్పుడు పెట్టెలో పెట్టిన ఇత్తడి విజిలు తీసి చింతపండుతో తోమాను. ఒకసారి ఊదితే నడవాలి, రెండుసార్లు ఊదితే ఆగాలి. ఈ లోపల ఆగకూడదు.

"మా ఊళ్ళో ఎక్కడికెళ్ళాలన్నా పడవేనండీ, ఇంత నడక నాకు అలవాటు లేదండీ" అంది. పెళ్ళై ముప్ఫై ఏడేళ్ళయినా ఇంకా ఆ పడవ సాకే. నా ఎడమ మోకాలు బాగుంటే నేనూ పక్కన నడిచేవాణ్ణి. అది వాలీబాల్ రోజుల నాటి దెబ్బ, ఒత్తిడి పెట్టకూడదు. అరుగు మీద కుర్చీ వేసుకుని ఊదాను.

ఒక రౌండు. ఏడ్చింది. మొదటి వారం మా కబడ్డీ జట్టు కూడా ఏడ్చేది.

12 జూన్

రెండు రౌండ్లు. ఏడ్చింది.

14 జూన్

మూడు. ఏడవలేదు. పెదవి కొరుక్కుంది. పురోగతి.

18 జూన్

ఆదివారం, సెలవు. చర్చికి ఆటోలో వెళ్ళాం. అందరూ మోకాళ్ళూనితే తను బల్ల మీద కూర్చునే ప్రార్థన చేసుకుంది. పాస్టరు బెంజమిన్ గారు చూశారు. నాకు తలవంపులుగా ఉంది.

22 జూన్

ఆరు. కానీ మధ్యలో గోడ పట్టుకుంది. గోడ పట్టుకుంటే ఆ రౌండు లెక్కలోకి రాదని చెప్పి ఒకటి కొట్టేశాను. ఐదు. ఏడ్చింది.

27 జూన్

తొమ్మిది. నిస్సీ ఫోను చేసింది. అమ్మ గొంతు అదోలా ఉందిట, ఏలూరు తీసుకొచ్చెయ్యమంటోంది. ఒక డాక్టరు చూశాక ఇంకో డాక్టరు దగ్గరికెళ్తే మొదటాయన ఏమనుకుంటారు. మర్యాద అనేది ఒకటుంటుంది కదా.

1 జూలై

పదకొండు. పడుకుంటే నొప్పిట, కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. ఎన్‌సిసి క్యాంపులో నేను నిలబడి నిద్రపోయేవాణ్ణి.

8 జూలై

పద్నాలుగు రౌండ్లు.

రికార్డు. ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. పాలవాడికి రెండుసార్లు చెప్పాను. సువార్త ఏమీ అనలేదు. ఆనందం ఎక్కువైతే మాట రాదు.

16 జూలై

ఈ రోజు వివరంగా రాయాలి. మా ఇంట్లో ఎవరికైనా జబ్బు నయమైతే కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మా నాన్నగారి కాలం నుంచీ ఉంది. చర్చిలోనే పెట్టాం. డాక్టరు వీరేంద్ర గారిని ముఖ్య అతిథిగా పిలిచాను. ఆయన హిందువైనా ఎంతో మర్యాదగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. శాలువా కప్పాను.

మైకులో చెప్పాను. "జూన్ ఆరో తారీఖున నా భార్య కాలు మోపలేని స్థితిలో ఉంది. దేవుడు డాక్టరు గారి చెయ్యి వాడుకున్నాడు. ఈ రోజు ఆమె సంపూర్ణంగా స్వస్థపడింది. పద్నాలుగు రౌండ్లు నడుస్తోంది. నొప్పి అనే మాట మా ఇంట్లో లేదు." అందరూ ఆమెన్ అన్నారు. ఉత్సాహం ఆగలేదు. జేబులోంచి విజిలు తీసి ఊదాను. సువార్త లేచి ప్రసంగ వేదిక దగ్గర్నుంచి గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. చప్పట్లు. అదంతా చర్చి యూట్యూబు చానల్లో వచ్చింది. కోడి పలావు అందరికీ సరిపోయింది.

సువార్త తినలేదు.

19 జూలై

పడలేదు. సువార్త పడిందని ఎవరన్నా అంటే ఒప్పుకోను. పంపు దగ్గర నిలబడి ఉంది. నిలబడి ఉండగానే కాలు లేకుండా పోయింది.

21 జూలై, ఏలూరు

ఏలూరు డాక్టరు గారు నెమ్మదస్తుడు. కొత్త ఎక్స్‌రే తీయించి, పాతది కూడా అడిగి, రెండూ లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టారు. పాతదాని మీద పెన్ను మొన పెట్టి ఒక గీత చూపించారు.

"ఇది ఎప్పటిదండీ?"

"జూన్ ఆరో తారీఖుదండీ" అంది నిస్సీ.

"తుంటి దగ్గర తొడ ఎముక మెడ అప్పుడే విరిగిందండీ. కదలకుండా పడుకోబెట్టి రెండు స్క్రూలు వేస్తే సరిపోయేది. ఇప్పుడు పూర్తిగా జారిపోయింది. కీలు మార్చాలి." సువార్త వైపు తిరిగి, "మధ్యలో నడిచారా అమ్మా?" అని అడిగారు.

"కొంచెం నడిచానండీ" అంది సువార్త.

నేను లైటు పెట్టె వైపు చూస్తూ ఉన్నాను.

22 జూలై

ఆపరేషను. నాలుగు గంటలు బయట కూర్చున్నాను. జేబులో విజిలు గుచ్చుకుంటోంది.

4 ఆగస్టు

ఇంటికొచ్చాం. వాకరు. కుడి కాలు ముప్పావు అంగుళం పొట్టి అయింది. ఇక మోకాళ్ళూనకూడదు, నేల మీద కూర్చోకూడదు, పీట మీద కూర్చుని చేప తోమకూడదు. పడవ ఎక్కొచ్చా అని సువార్త అడిగింది. ఎక్కకూడదన్నారు. దానికి ఒక్కదానికే ఏడ్చింది.

నా రక్తం ఉడికిపోతోంది. ఆ వీరేంద్రని వదిలేది లేదు. చేపలకి పెట్టిన శ్రద్ధ మనిషికి పెట్టలేదు. ఆ ఆసుపత్రి పేరు కూడా రాయను, రాస్తే పెన్ను మైలపడుతుంది.

7 ఆగస్టు

తాడేపల్లిగూడెం వెళ్ళాను. కడిగేద్దామని వెళ్ళాను.

రిసెప్షను గోడ మీద పెద్ద ఫోటో. శాలువా కప్పుతున్నది నేనే, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నదీ నేనే. కౌంటరులో అమ్మాయి లేచి నిలబడి, "రండి మాస్టారండీ, మీ వీడియో మా టీవీలో రోజూ వేస్తున్నామండీ" అంది. నిజంగానే వేస్తున్నారు. హాల్లో ముప్ఫై మంది రోగులు కూర్చుని నన్ను చూస్తున్నారు, టీవీలో.

నేను గొంతు పెంచాను. "ఈ డాక్టరుకి ఎక్స్‌రే చూడటం రాదు" అన్నాను. పైనుంచి నేనే, "దేవుడు డాక్టరు గారి చెయ్యి వాడుకున్నాడు" అన్నాను. "నా భార్య కాలు పాడు చేశాడు" అన్నాను. "సంపూర్ణంగా స్వస్థపడింది" అని టీవీ. నాకు ఎప్పుడూ గొంతు పెద్దది, అందులో మైకు కూడా ఉంది. టీవీలో ఉన్నవాడిదే పైచేయి అయింది.

మోచేతికి కట్టుతో ఉన్న ఒక ముసలమ్మ నా వైపూ టీవీ వైపూ చూసి, "పైనున్న మాస్టారి మాట వినాలా, కిందున్న మాస్టారి మాట వినాలా బాబూ" అని అడిగింది. ఆవిడ వెటకారం చెయ్యలేదు, నిజంగానే అడిగింది. అప్పుడే టీవీలో విజిలు మోగింది. సువార్త నడిచింది. నాకు అక్కడ నిలబడాలనిపించలేదు. బస్సెక్కేశాను.

12 ఫిబ్రవరి 2024

ఏలూరు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. నిస్సీ కుదిర్చిన లాయరు గాయత్రి గారు. చిన్న వయసు, గట్టి మనిషి. ప్రొస్టేటు పేజీ చూసి ఆవిడ చాలాసేపు నవ్వుకుంది. "మాస్టారూ, ఇది బంగారం" అంది. సువార్త ఫిర్యాదుదారు. ఆసుపత్రీ వీరేంద్రా ప్రతివాదులు. ఒకటో ప్రతివాది, రెండో ప్రతివాది. చూసి నాకు తృప్తిగా ఉంది.

18 జూన్ 2024

వాళ్ళ జవాబు వచ్చింది. గాయత్రి గారు చదివి వినిపించారు.

ఒకటి, ప్రొస్టేటు గురించి. "మేము అన్ని అవయవాలూ సాధారణమనే రాశాము. సాధారణంగా ఉన్నదాని మీద ఫిర్యాదు చెల్లదు."

రెండు, ఎక్స్‌రేలో గీత ఫిలిం మీద గీరుకుపోయిన మరక.

మూడు, అసలుది. జూన్‌లో ఎముక విరిగి ఉంటే ఆమె పద్నాలుగు రౌండ్లు ఎలా నడుస్తుంది. నొప్పి అనే మాట ఇంట్లో లేదని భర్తే దేవుడి ఎదుట చెప్పాడు. కాబట్టి ఎముక జూలై పంతొమ్మిదిన పంపు దగ్గర పడి విరిగింది. సాక్ష్యం, పెన్‌డ్రైవులో వీడియో.

"మాస్టారూ, కేసంతా ఈ మూడో దాని మీదే ఉంది" అన్నారు గాయత్రి గారు. "ఆ నలభై రోజులూ అమ్మగారికి నొప్పి ఉందని మనం చూపించాలి. మీరు ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. అప్పట్లో రాసిన కాగితం ఏదైనా ఉందా?"

"లేదమ్మా" అన్నాను.

ఈ పుస్తకం నా సంచిలోనే ఉంది.

19 జూన్

ఆవిడ అడిగింది కాగితం. ఇది కాగితం కాదు, పుస్తకం. నేను అబద్ధం చెప్పలేదు.

20 జూన్

పైగా ఇది నా సొంతం. ఇంకొకళ్ళ సొంత పుస్తకం చదవడం సభ్యత కాదు. కమిషన్‌లో ఉన్నవాళ్ళు చదువుకున్నవాళ్ళు, వాళ్ళకీ నచ్చదు.

24 జూన్

మొదట్నుంచీ చదివాను. "ఏడ్చింది" అన్న మాట ఎన్నిసార్లుందో చూద్దామని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. "పురోగతి" దగ్గర ఆపాను.

2 జూలై

ఒక ఉపాయం. పాత డైరీని సాపు రాస్తే తప్పేముంది. విషయం అదే, రాత బాగుంటుంది. నా దస్తూరీ అప్పట్లో హడావిడిగా ఉండేది. కొత్త నోటు పుస్తకం కొన్నాను. ఈ రోజు ఆరు పేజీలు అయ్యాయి. మచ్చుకి ఇక్కడ కూడా రాస్తున్నాను.

"12 జూన్ 2023. సువార్తకి నొప్పి ఎక్కువగా ఉంది. ఇక నడవద్దని బతిమాలాను. డాక్టరు చెప్పారు కదా అని తనే నడిచింది. ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాను."

బాగా వచ్చింది. విజిలు ప్రస్తావన అనవసరం.

3 జూలై

మధ్యాహ్నం మంచినీళ్ళకని లేచి వచ్చేసరికి సువార్త నా కుర్చీలో కూర్చుని ఉంది. వాకరు పక్కన. రెండు పుస్తకాలూ ఒళ్ళో.

"రెండెందుకండీ?" అంది.

"ఒకటి సాపు" అన్నాను.

కొత్తది తెరిచి ఒక పేజీ మళ్ళీ చదివింది. "ఈయనెవరో మంచాయనండీ. చెయ్యి పట్టుకుని నడిపించాడంట. ఎక్కడుంటారండీ ఈయన?"

కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఊరికే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"పాతది నువ్వు చదవకుండా ఉండాల్సింది" అన్నాను.

"అది ఎప్పుడో చదివానండీ. అప్పుడే, రోజూ చదివేదాన్ని. మీరు రాసి బీరువా మీద పెట్టాక." కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ఏడ్చింది అని రాసేవారు కదండీ. ఈయనకి తెలుసు అనుకున్నాను. తెలిసి కూడా నడిపిస్తున్నారంటే, అవసరమే అయ్యుంటుందిలే అనుకున్నాను."

వాకరు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. టక్, టక్ అని చప్పుడు. నేను ఆ చప్పుడు ఆగేదాకా నిలబడే ఉన్నాను. నేను దుర్మార్గుణ్ణి. ఇన్నాళ్ళకి ఈ మాట ఒకచోట రాశాను.

4 జూలై

ఈ పుస్తకం రేపు గాయత్రి గారికి ఇచ్చేస్తున్నాను. ఇదే ఆఖరి పేజీ. చదివేవాళ్ళకి మనవి: కొట్టివేతలు అప్పటివే, ఇప్పుడు ఏమీ దిద్దలేదు.

6 జూలై (కొత్త పుస్తకం. మంచాయన ఆరు పేజీలూ చింపేసి పొయ్యిలో పెట్టాను.)

గాయత్రి గారు డైరీ మొత్తం నా ఎదురుగానే చదివారు. ఎక్కడా నవ్వలేదు. చివర్లో, "మాస్టారూ, కేసు నిలబడింది" అన్నారు. "జూన్ పది నుంచి రోజువారీ నొప్పి, డాక్టరు నడవమన్న మాట, అన్నీ ఉన్నాయి. మీకే కాస్త ఇబ్బంది."

"నాదొక కోరికమ్మా. నన్ను మూడో ప్రతివాదిగా చేర్చండి."

"ఎవర్ని?"

"నన్నే. ఒకటి ఆసుపత్రి, రెండు డాక్టరు, మూడు డ్రిల్లు మాస్టారు. ఫిర్యాదుదారు మా ఆవిడ కదా, చట్టానికి అడ్డేముంది?"

"మీరు ఆవిడకి ఇచ్చింది సేవ కిందకి రాదండీ."

"అది నిజమేనమ్మా" అన్నాను.

"ఫీజు తీసుకోలేదు కదా, అందుకని రాదు" అని ఆవిడ ఓపిగ్గా సెక్షను నంబరు చెప్పారు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. పెద్దాయన్ని ప్రతివాదిగా వేసి కేసు పాడు చేసుకోలేనన్నారు.

21 జనవరి 2025

ఈ రోజు విచారణ. సువార్త వాకరు వదిలి కర్రతో వచ్చింది. బెంచి మీద ముగ్గురు. ప్రెసిడెంటు గారు సువార్తకి కుర్చీ వేయించారు.

ఆసుపత్రి తరఫు లాయరు గోపీచంద్ గారు నా డైరీకి రంగు కాగితాలు అంటించుకుని వచ్చారు. బాగా చదివారు. ముందు నన్ను పిలిచారు.

"చేప ముందు జారిందా, మీ భార్య ముందు జారిందా?"

"ఆవిడే కరెక్టండీ. చేపే."

ఏడాదిన్నర తగువు. ఒప్పుకుంటే ప్రాణం తేలికైంది.

"కాగితం ఉందా అని మీ లాయరు అడిగితే లేదన్నారు. మర్నాడు, 'ఇది కాగితం కాదు, పుస్తకం' అని రాసుకున్నారు. ఇలాంటి మనిషిని ఎలా నమ్మమంటారు?"

"నమ్మొద్దండీ. అబద్ధాలాడేటప్పుడు కూడా రాసి పెట్టుకుంటాను. రాసింది నమ్మండి."

బెంచి మీద ఉన్న మేడం గారు తల దించుకున్నారు. నవ్వారనుకుంటాను. తర్వాత సువార్తని పిలిచారు. గోపీచంద్ గారు మెత్తగానే అడిగారు.

"అమ్మా, ఎముక విరిగితే మనిషి అడుగు తీసి అడుగు వెయ్యలేడు కదా. అంత నొప్పి ఉంటే మీరెందుకు నడిచారు?"

"విజిలు ఊదారండీ" అంది సువార్త.

"ఊదితే?"

"ఒకసారి ఊదితే నడవాలండీ. రెండుసార్లు ఊదితే ఆగాలండీ."

ప్రెసిడెంటు గారు నా వైపు చూసి, ఆ విజిలు ఉందా అని అడిగారు. జేబులోనే ఉంది. తీసి ఇచ్చాను. ఒక గుమాస్తా దానికి చీటీ కట్టి, నంబరు వేసి, సంచిలో పెట్టాడు. డైరీ ఏడో నంబరు, విజిలు ఎనిమిది.

గోపీచంద్ గారు వెంటనే అందుకున్నారు. "చూశారా సార్, ఈవిడ కాలు పాడవడానికి కారణం మా డాక్టరు కాదు, ఈ భర్త." నేను లేచి, "నేను కూడా మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నానండీ, మా లాయరమ్మే చేర్చుకోవట్లేదు" అన్నాను. గాయత్రి గారు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. ప్రెసిడెంటు గారు మాత్రం ఒక్కటే అడిగారు. "గోపీచంద్ గారూ, నడవాలని ఈయనకి చెప్పింది ఎవరండీ?" దానికి ఆయన వాయిదా అడిగారు.

వీరేంద్ర కూడా వచ్చాడు. వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఈసారి ఫోను చేతిలో లేదు. బయటికొచ్చేటప్పుడు నాకు ఎదురుపడి ఏదో అనబోయాడు. సువార్త ఆగి, "చెరువులు బాగున్నాయాండీ?" అని అడిగింది. ఆయ్, బాగున్నాయన్నాడు. నాకు వాడి మీద కోపం ఉంది, చచ్చేదాకా ఉంటుంది. కానీ వాడు ఫిలిం చూసింది అర నిమిషం. నేను సువార్త ముఖం చూసింది నలభై రోజులు.

9 సెప్టెంబరు 2025

గెలిచాం.

గాయత్రి గారు ఫోనులో తీర్పు చదివారు. ఎక్స్‌రేలో విరుపు స్పష్టంగా ఉందిట. చూడకపోవడం నిర్లక్ష్యం, నడవమనడం ఇంకా పెద్ద నిర్లక్ష్యం. ప్రొస్టేటు గురించి ఒక పేరా మొత్తం రాశారు. పరిహారం ఎంతో కూడా చెప్పారు, అది నిస్సీ రాసుకుంది.

"మీ గురించి కూడా ఉంది మాస్టారూ. 'డైరీ రాసిన వ్యక్తి తనకు నష్టం కలిగించే విషయాలు కూడా దాచలేదు కనుక విశ్వసనీయుడు. డాక్టరు సలహాను నమ్మి పాటించినందుకు అతణ్ణి తప్పు పట్టలేము.'"

"ఇది అన్యాయమమ్మా. దీని మీద అప్పీలు చెయ్యొచ్చా?"

"గెలిచినవాళ్ళు అప్పీలు చెయ్యరండీ" అని ఫోను పెట్టేశారు.

నిస్సీ మిఠాయి తెచ్చింది. బెంజమిన్ గారు వచ్చి, కృతజ్ఞత కూడిక ఎప్పుడు పెట్టుకుందాం మాస్టారూ అన్నారు. సువార్త, "ఈసారి ఇంట్లోనే చిన్న ప్రార్థన చాలండీ, మైకు వద్దు" అంది.

15 సెప్టెంబరు

కమిషన్ నుంచి డైరీ, విజిలు తిరిగి తెచ్చుకున్నాం. విజిలుకి ఎనిమిదో నంబరు చీటీ ఇంకా వేలాడుతోంది. ఇంటికొచ్చాక కాలవలో పారేద్దామని పెరట్లోకి వెళ్తుంటే సువార్త పిలిచింది.

"ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. మెడలో వేసుకుంది.

"మిమ్మల్ని వాళ్ళు వదిలేశారని బాధపడుతున్నారు కదండీ. నా తీర్పు వేరే ఉంది." అరుగు మీద నా కుర్చీలో కూర్చుని కర్ర పక్కన పెట్టుకుంది. "పద్నాలుగు రౌండ్లు. నడవండి."

నవ్వుతోందేమో అని చూశాను. నవ్వట్లేదు. ఒకసారి ఊదింది. నడిచాను.

మొదటి రౌండు బాగానే అయింది. రెండో రౌండులో ఎడమ మోకాలు మొదలుపెట్టింది. మూడో రౌండు సగానికి వచ్చేసరికి లోపల కత్తితో పొడుస్తున్నట్టుంది. గోడ పట్టుకోలేదు. నోరు మెదపలేదు. ముఖం కూడా మామూలుగానే పెట్టాను. ముప్ఫై మూడేళ్ళ అలవాటు, అరుగు ముందుకొచ్చేసరికి ఛాతీ కూడా విరిచాను.

రెండుసార్లు ఊదింది.

"ఇంకా పదకొండున్నాయి కదా" అన్నాను.

"నొప్పొస్తోంది కదండీ."

"నేను చెప్పలేదే."

"కనపడుతోందండీ" అంది. కర్ర ఆనించుకుని లేచి, కుర్చీ నా వైపు జరిపింది.

మూడు రౌండ్లు. ఏడ్చాను.